వంద మీటర్లకు ఆరు

మా యేసుపాదం గారిని లోకంలో ఏ విషయం గురించి అడిగినా, సమాధానం కంటె ముందుగా ఆయన నోట వెలువడేది ఒక్కటే ప్రశ్న: “దూరం ఎంత?” ఆ దూరం తేలితే గాని ఆయన బుద్ధి ముందుకు కదలదు. తేలిన వెంటనే దానికి తగిన పవరును నిర్ణయిస్తారు. నిర్ణయించిన పిమ్మట దానిని మార్చడం ఎవరి తరమూ కాదు.

సైన్యంలో తుపాకులు బాగుచేసే విభాగంలో హవల్దారుగా పనిచేసి రిటైరైన మనిషి ఆయన. రెండువేల నాలుగు ప్రాంతంలో మా అనకాపల్లి రైఫిల్ క్లబ్బుకు రేంజి ఇన్‌ఛార్జి. కె. కోటపాడు వెళ్ళే దారిలో, చెరుకు తోటల నడుమ, వెనుక ఎత్తుగా మట్టికట్ట పోసి ఏర్పరచుకున్న, తుపాకి కాల్చే చిన్న రేంజి మాది. తెలుగు పండితుడిగా రిటైరైన నేను దానికి కార్యదర్శిని. పంతులుకు తుపాకి ఎందుకని అడిగినవారికి, నలభై ఏళ్ళు ఒకరి తప్పులు దిద్ది విసుగెత్తి, తప్పు తనంతట తానే కాగితం మీద కన్నమై కనపడే విద్యలో చేరానని చెబుతూ ఉండేవాణ్ణి.

తుపాకి మీద బిగించే దుర్భిణిని మేము స్కోపు అనేవాళ్ళం. దానికొక రింగు ఉంటుంది. అది తిప్పినకొద్దీ ఎదుటి గురి మూడింతలు మొదలు తొమ్మిదింతల వరకు పెద్దదై కనపడుతుంది. ఆ ఇంతలకే పవరని పేరు. కొత్తగా చేరిన ప్రతివాడూ ఆ రింగును ఏకబిగిని తొమ్మిదికి తిప్పేవాడు. పొంగబోయే పాల కింద మంట తగ్గించే ఇల్లాలిలా యేసుపాదం గారు వెనుకనుంచి వచ్చి, మాట్లాడకుండా దానిని వెనక్కు తిప్పేవారు. ఎందుకని అడిగితే మాత్రం మాట్లాడేవారు.

“యాభైకి నాలుగు. వందకు ఆరు. రెండొందలకు తొమ్మిది. పవరు పెంచితే గుండు బాగా తగుల్తాదనుకుంటన్నావేటి? గుండుకి కళ్ళు లేవు. పెంచితే గురితోపాటు నీ ఊపిరీ పెద్దదవుతాది. సూపు ఇరుకైపోతాది. పక్కోడి కాగితాన్ని నీదనుకుని కాల్చేత్తావు.”

ఈ చివరి మాట అతిశయోక్తి అని నవ్వినవాడు కరెంటు సామాన్ల దుకాణం అప్పలరాజు. నవ్విన వారంలోనే యాభై మీటర్లకు తొమ్మిది పవరు పెట్టి, పది గుళ్ళలో ఐదింటిని పక్కవాడి కాగితానికి దానం చేశాడు. పక్కవాడు పది గుళ్ళకు పదిహేను కన్నాలు చూపించి, తనకు బహుమతి కావాలని నాతో మూడు రోజులు వాదించాడు.

ఈ సూత్రం రేంజి గేటు దగ్గర ఆగిపోతే మాకు బాధ లేదు. అది ఆయన వెంట ఇంటికీ, చర్చికీ, చేపల బజారుకూ నడిచేది. కూర ఎలా ఉందని అడిగితే కొంచెం దూరంగా జరిగి ఆలోచించేవారట. ఆయన భార్య స్వర్ణకుమారి గారు ఒకనాడు గరిటె దించి, “కంచానికీ నోటికీ దూరం ఎంతో మీరే కొలుసుకోండి, నేను సర్చికి పోతన్నాను” అని వెళ్ళిపోయారు.

మేనకోడలు రోజలిన్ పెళ్ళిచూపులకు నన్ను కూడా తీసుకువెళ్ళారు. పెళ్ళికొడుకు ముక్కు వంకరగా ఉన్నదని, నవ్వితే పన్ను మీద పన్ను కనపడుతున్నదని ఆడవాళ్ళు గుసగుసలాడుతూ ఉండగా, యేసుపాదం గారు గుమ్మం నుంచి కుర్చీ వరకు చూపుతోనే కొలిచి తీర్పు చెప్పారు. “పది అడుగులు. ఉత్త కన్ను సాలు. దీనికి పవరెట్టి సూత్తే మచ్చలే కనపడతాయి గాని మనిషి కనపడడు.” సంబంధం కుదిరింది. రోజలిన్ ఈనాటికీ సుఖంగా ఉన్నది. ముక్కు మాత్రం అలాగే ఉన్నది.

ఇక త్రినాధరావు గారి సంగతి. బెల్లం మండీలో పేరున్న వర్తకుడు, మా క్లబ్బును స్థాపించిన వారిలో ఒకరు, యేసుపాదం గారికి ‘బావ’. ఒకరిది చర్చి, ఒకరిది నూకాలమ్మ గుడి. అయినా వరస మాత్రం గట్టిది. ఆ ఏడు వానాకాలంలో ఆయనకు పక్షవాతం తగిలి, కోలుకున్నా ఎడమ చేతిలో వణుకు మిగిలిపోయింది. కొడుకులు ఆయన తుపాకిని పోలీస్ స్టేషనులో అప్పగించేయమని రోజూ పోరుపెట్టసాగారు. డెబ్బై దాటిన సభ్యుడు ఏటేటి పోటీలో నూటికి అరవై తెచ్చుకుంటేనే మరుసటి ఏడు తుపాకి పట్టాలన్న నిబంధన మా క్లబ్బులో ఉన్నది. దానిని రాసిన మహానుభావుడు కూడా త్రినాధరావు గారే. అప్పుడాయన వయస్సు యాభై.

“అరవై రాకపోతే నేనే తీసికెళ్ళి ఇచ్చేత్తాను. వత్తే మాత్రం ఇంట్లో ఎవడూ నోరెత్తకూడదు” అని ఆయన కొడుకులతో పందెం వేసి వచ్చారు.

పోటీకి ముందు సాధనకు వచ్చిన రోజున రేంజిలో మేము ముగ్గురమే ఉన్నాము. త్రినాధరావు గారు బోర్లా పడుకుని, ఇసుక బస్తా మీద తుపాకి ఆనించి, ఎవరూ చెప్పకుండానే రింగును తొమ్మిదికి తిప్పారు. కొంతసేపు చూశారు. ఒక్క గుండైనా కాల్చకుండా లేచి కూర్చున్నారు.

“స్కోపులో గురి గీత కాగితం మీద నిలబడ్డం లేదు బావా. తీర్థంలో రంగులరాట్నమెక్కినట్టు ఉంది.”

తుపాకిని సంచిలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. యేసుపాదం గారు అప్పుడు కూడా ఏదో కొలుస్తున్నట్లే ఆయన వెళ్ళిన దారి వైపు చూస్తూ నిలబడ్డారు.

మరునాడే ఆయన ఆజ్ఞ వెలువడింది. ఈసారి పోటీలో వంద మీటర్లకు నాలుగు పవరు. ఒక్కరికి కాదు, సభ్యులందరికీ. ఎవరూ తిప్పకుండా ప్రతి రింగు మీదా మందుల షాపు ప్లాస్టరు అంటించబడును.

క్లబ్బు అట్టుడికిపోయింది. మనిషికి చాదస్తం ముదిరిందన్నారు. నేనూ అన్నాను. ఆయన కారణం చెప్పకపోలేదు. రేంజిని ఆనుకుని ఒక బెల్లం గానుగ ఉన్నది. దాని పొయ్యి రగిలితే వేడిగాలి మా గురి కాగితాలకు అడ్డంగా వీస్తుంది. “ఆ సెగకి గాలి పాకంలా సాగుతాది. పవరు పెంచితే కాగితం సెరువులో ఈదుతున్నట్టుంటాది. తగ్గించితే నిలబడతాది” అన్నారు. ఆ మాట నిజమే. ఆ సెగలో చెరుకాకు కూడా పాములా కదలడం మేమందరమూ చూసినదే. నోళ్ళు మూతపడ్డాయి.

తీరా పోటీనాడు అప్పలరాజు పడుకోబోతూ తల ఎత్తాడు. “మామా, గానుగ ఇంజను పాడై రెండ్రోజులయింది. పొయ్యి ఆరిపోయింది. సెగేదీ?”

యేసుపాదం గారు రెప్ప వేయలేదు. “మొన్నటి సెగ గాలిలో ఉంటాది. పడుకుని కాల్చు.”

త్రినాధరావు గారి వంతు వచ్చింది. ఆయన ప్లాస్టరు వంకా, వరుసగా పేర్చిన తుపాకుల మీది ప్లాస్టర్ల వంకా చూసి, “సర్లే, నలుగురితో నారాయణ” అంటూ పడుకున్నారు. మొదటి గుండుకు ముందు ఎంతసేపు ఆగారంటే, చూసేవారు ఆయన నిద్రపోయారని అనుకున్నారు. పిడికిలి బిగించి, పళ్ళు బిగించి, ఒక్కొక్క గుండునూ మండీలో బెల్లం దిమ్మ తూకం వేసినంత నిదానంగా పంపించారు. కొడుకులు వెనుక నిలబడి చేతులు కట్టుకున్నారు.

కాగితం తెచ్చి లెక్క చూసినవాణ్ణి నేను. రెండుసార్లు కూడి చూశాను. అరవై మూడు.

కొడుకులు నోరెత్తలేదు. పందెం అదే కదా.

అందరూ టీ తాగుతూ ఉండగా యేసుపాదం గారు ఒక్కొక్క ప్లాస్టరూ ఊడదీస్తున్నారు. నేను దగ్గరకు వెళ్ళి, వందకు ఆరన్నది మీ వేదవాక్కు కదా, పొయ్యి లేని రోజున నాలుగెందుకని మెల్లగా అడిగాను.

“దూరం ఎంత మాస్టారూ?”

“వంద మీటర్లు.”

“అది తుపాకికీ కాగితానికీ. మా బావకీ పోలీస్ స్టేషనుకీ ఎంత?” అని ప్లాస్టరును ఉండ చుట్టారు. “నాలుగులో సూసినా వణుకు వణుకే. కాకపోతే పెద్దదై కనపడదు. కనపడకపోతే మనిషి బెదరడు. ఆయనొక్కడికే తగ్గిత్తే తెలిసిపోద్ది కదా. అందుకే ఊరందరికీ తగ్గించేను.”

వెనుక దగ్గు వినపడింది. త్రినాధరావు గారు. తన స్కోపు మీది ప్లాస్టరును ఊడనీయకుండా బొటనవేలితో నొక్కిపట్టుకుని ఉన్నారు.

“వచ్చే ఏడు కూడా ఆరిపోయిన పొయ్యి సెగ ఇలాగే ఉంటాదా బావా?”

యేసుపాదం గారు మొదటిసారిగా తడబడ్డారు. కాని అలవాటు మనిషిని కాపాడుతుంది.

“వచ్చే ఏడంటే, దూరం ఎంత?”

“ఏడాది.”

“ఈ వయసులో ఏడాది దూరం సూసే పవరు నా దగ్గిర లేదు. దగ్గిరకి వచ్చేక సూద్దాం. నువ్వు మాత్రం ప్లాస్టరు తెచ్చుకో.”