షేఫర్ దొర ఇంటిపేరు, తప్పిపోయిన పదకొండింటి బండి

తాండూరులో మా సేట్ రాళ్ల కార్ఖానాలో నునుపు మిషన్ ఆగిపోయి పన్నెండు రోజులైంది. సుత్తి పక్కన పెట్టి నాపరాళ్లను చేత్తో రుద్దీ రుద్దీ నా అరచేతులే నునుపెక్కాయి. మిషన్ బాగుచేసే జర్మనీ దొర బీదర్ బండిలో వికారాబాద్‌లో దిగుతాడని, అక్కణ్ణించి పదకొండింటి బండిలో అతన్ని తీసుకొస్తే నన్ను మిషన్ పనిలో పెడతానని సేట్ అన్నాడు. తేకపోతే ఆ చోటు తన బావమరిదిదట. ఆ బావమరిదికి సుత్తి ఏ చివర పట్టుకోవాలో తెలియదు. చిరిగిన రీడరు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి కార్ఖానాలో నేనొక్కణ్ణే. అందుకే నన్ను పంపాడు, ప్రేమతో కాదు.

పొద్దున ఆరింటి ప్యాసింజరు ఎక్కితే ఏడున్నరకు వికారాబాద్ జంక్షన్. టికెట్ బారాణా, అంటే పన్నెండణాలు; కొత్త పైసలొచ్చినా మా దిక్కు ఇంకా అణాల్లోనే అడుగుతారు. ఇంజను పక్క పెట్టెలో మాత్రం ఎక్కకండి. దిగేసరికి బొగ్గు మసికి నా మొహం నన్నే గుర్తుపట్టలేదు.

తొమ్మిదింటికి దొర దిగాడు. ఆరడుగుల మనిషి, చేతిలో ఇనుప పెట్టె. మా కార్ఖానా గుమస్తా చదివి చెప్పినట్టే "స్కాఫర్ సాబ్?" అన్నాను. "షేఫర్," అన్నాడు. వాళ్ల రాతలో ఆ పేరులోని ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలుంటాయట. ఇంగ్లీషు టైపు మిషన్లకు ఆ చుక్కలు లేక పక్కన ఇంకో అక్షరం అతికిస్తారట. దాంతో బొంబాయిలో ఒకరు షాఫర్ అంటే, ఇంకొకరు స్కేఫర్ అంటారట. "నేను అన్నిటికీ పలుకుతాను," అన్నాడు. అర్థమేమిటని అడిగాను. గొర్రెల కాపరి అట.

చాయ్ హోటల్లో మా పక్కన గొంగడి కప్పుకున్న ముసలాయన ఉన్నాడు. పేరు మల్లయ్య, గొర్లు కాసే కురుమాయన.

"గీ దొర ఇంటిపేరేంది పిలగా?"

కొత్త మనిషి కనబడితే మా దిక్కు మొదట అడిగేది అదే. నేను నోరు మూసుకోవలసింది. "గొర్లకాపరి అట తాతా."

మల్లయ్య చాయ్ కింద పెట్టాడు. "అట్లయితే మావోడే. ఎన్ని గొర్లున్నయట?"

ఒక్కటీ లేదని, మూడు తరాలుగా తాళాలు చేసే ఇల్లని దొర చెప్పాడు.

"మరి గొర్లన్నీ ఏం జేసిండ్రు? అమ్ముకున్నరా?"

"నాకేం తెలుసు తాతా."

"అడుగు మరి. నోరున్నది గదా."

అడిగాను. ఏ యుద్ధంలోనో పోయి ఉంటాయన్నాడు దొర. మల్లయ్య చాలాసేపు తలపట్టుకున్నాడు.

"తాతా, పదకొండింటికి బండున్నది."

"గొర్లు పోయినోడు మా మంద పక్కకెల్లి వోతుంటే ఉత్త కడుపుతోని తోలిస్తనా? బండ్లకేం, మస్తుగొస్తయ్."

దొర చెయ్యి పట్టుకుని మందకు నడిపించాడు, అది స్టేషన్ వెనక అర మైలు దూరం. దొర రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. మల్లయ్య అతని చేత గొర్రె నోరు తెరిపించి, పళ్లు చూసి వయసు చెప్పడం నేర్పించాడు. నేను నా పళ్లు నూరుకున్నాను. పదకొండింటి బండి కూత అక్కడికే వినిపించింది. వచ్చేటప్పుడు మల్లయ్య తన గొంగడి తీసి దొర భుజాన వేశాడు. "గొర్లు లేకున్నా గొంగడన్న ఉండాలె."

నాలుగింటి బండిలో తాండూరు చేరేసరికి సేట్ బావమరిది కొత్త అంగీ వేసుకుని మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు. "నువ్ సుత్తి కాడికే నడువ్," అన్నాడు సేట్.

దొర మిషన్ విప్పాడు. రాయిని రుద్దే మందపాటి ఉన్ని బిళ్ల పీలికలై ఉంది. కొత్తది బొంబాయి నుంచి రావడానికి నెల పడుతుందట. అతను కాసేపు ఆలోచించి, భుజం మీద గొంగడి తడిమి, కత్తెర అడిగాడు. గుండ్రంగా కత్తిరించి, నాలుగు పొరలు కుట్టి బిగించాడు. గంటలో రాయి అద్దమైంది.

అట్లాంటి గొంగళ్లు ఇంకో పది కావాలని సేట్ మర్నాడు బావమరిదిని పంపాడు. మల్లయ్య అతని ఇంటిపేరు అడిగి, ఒట్టి చేతులతో తిప్పి పంపాడు. "గా మిషన్ మావోనిది. మావోన్ని తోల్కొచ్చిన పిలగాడొస్తె ఇస్త." అప్పుడు సేట్‌కు నేను గుర్తొచ్చాను. ముందు నన్ను మిషన్ దగ్గర నిలబెట్టమన్నాను, నిలబెట్టాకే బండెక్కాను.

నా బతుకు పాడుచేశాడని బండి తప్పిన రోజంతా ముసలాయన్ని మనసులో తిట్టుకున్నాను. దేశం కాని దేశంలో ఎవరో ఎప్పుడో గొర్రెలు కాసినందుకు ఆయన రొట్టె పెట్టాడు. పన్నెండు రోజులు చేతులు అరగదీసుకున్న నాకు సేట్ చాయ్ కూడా పోయలేదు. సేట్ మీద కోపం అట్లనే ఉంది, ఉండనీ. మీరు వికారాబాద్‌లో బండి మారేవారైతే ఒక్కటి గుర్తుంచుకోండి: ఎవరైనా ఇంటిపేరు అడిగితే, ముందు మీ బండికి ఎంత టైముందో చూసుకుని చెప్పండి.