ఆగింది వేరు, ఆపింది వేరు

మా పెదనాన్న పోయాడు. కారంపూడి బస్టాండు దగ్గర పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, బెంచీ మీద అలాగే పక్కకి ఒరిగిపోయాడట. గుండె ఆగిందని చెప్పారు డాక్టరు. అందులో దాచిపెట్టాల్సిందేమీ లేదు. అయినా ఇప్పటికీ బజారులో ఎదురైన ప్రతివాళ్ళూ "మీ పెదనాన్నని కొయ్య మిషను కొట్టిందంట గదా?" అని అడుగుతూనే ఉన్నారు. విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతోంది. జీవితమంతా కొయ్యతో గడిపి, వేలి గోరు కూడా పోగొట్టుకోని మనిషి ఆయన. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నది కొంత ప్రేమతో, చాలావరకు ఉక్రోషంతో. ముందే చెప్పేస్తున్నాను.

ఆయన మా నాన్నకి అన్న. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో తలుపులు, మంచాలు, చర్చికి బెంచీలు చేసేవాడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగమెప్పుడు, పెళ్ళెప్పుడు అనే ప్రశ్నలు తప్పించుకోవడానికి నేను వెళ్ళి ఆ షెడ్డులో కూర్చునేదాన్ని. ఆయన ఊరికే కూర్చోనిస్తాడా! "ఆ చెక్క పట్టుకో అమ్మాయ్", "ఆ చివర అదిమి పట్టు" అంటూ మొదలుపెట్టి, చివరికి రౌటర్ చేతికిచ్చాడు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. రౌటర్ అంటే అటూ ఇటూ రెండు పిడులున్న చేతి మిషను. రెండు చేతులా పట్టుకుని నొక్కితే, గిర్రున తిరిగే పదునైన బిట్టు చెక్కలోకి దిగి గాడి తవ్వుతుంది. మీట వదిలితే స్ప్రింగు దాన్ని మళ్ళీ పైకి లాగేస్తుంది. తలుపుల మీద పువ్వులు, అంచుల గుండ్రాలు అన్నీ దాని పనే. చూడటానికి బుద్ధిమంతురాలిలా ఉంటుంది. ఆ బుద్ధిని నమ్మొద్దనేదే ఆయన పోరంతా.

చేతికిచ్చాడని ఒక్క ముక్కలో రాశాను గానీ, ఇచ్చే ముందు ఆయన పెట్టిన నస అంతా ఇంతా కాదు. మొదట నా చున్నీ మీద పడ్డాడు. "అది తీసి ఆ మేకుకి తగిలించు" అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి విని బయటికొచ్చింది.

"ఏందయ్యా ఇది? ఆడపిల్లని చున్నీ లేకుండా షెడ్డులో నిలబెడతావా? వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మెడకి చుట్టుకుని మిషన్లోకి లాక్కుపోతే అప్పుడేమనుకుంటారే? ఆ మాట కూడా అడిగిరా పో."

తన పాత పొట్టిచేతుల చొక్కా తెచ్చి, వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకోమన్నాడు. గాజులు తీయించాడు. జడ ముడి వేయించాడు. కళ్ళద్దాలు తగిలించాడు. చేతులకి గ్లౌజులు కూడా తొడుక్కుంటానంటే మాత్రం కసిరాడు. "బట్ట దొరికిందంటే దానికి చెయ్యి దొరికినట్టే. ఒట్టి చేతులతోనే చెయ్యి. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి."

బిట్టు మార్చాలంటే "ప్లగ్గు పీకావా?" అని అడిగేవాడు. పీకిన ప్లగ్గు నా చేతిలో కనబడుతున్నా అడిగేవాడు. బిట్టు అడుగుదాకా దించి, మళ్ళీ రవ్వంత పైకి లాగి, అప్పుడు పానాతో బిగించాలి. అడుగుకి తగిలి ఉంటే తిరిగేటప్పుడు వదులైపోతుందట. చెక్కని బల్లకి క్లాంపులతో బిగించి నేను కదిపి చూస్తే, నా మీద నమ్మకం లేనట్టు తనూ ఒకసారి కదిపేవాడు. మిషను పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకి తాకించాలి. బిట్టు తిరిగే దిక్కుకి ఎదురుగా నడపాలి. "దాని వెంట పోయావంటే నిన్ను ఈడ్చుకుపోద్ది. ఎదురు పో, నీ మాట వింటది" అనేవాడు. పనయ్యాక బిట్టు పైకి లేచి, పూర్తిగా తిరగడం మానేదాకా మిషను కింద పెట్టనిచ్చేవాడు కాదు.

ఇక లోతు సంగతి. ఒక్కసారిగా దించితే మిషను తన్నుతుందని, కొంచెం తవ్వి, ఆపి, మళ్ళీ కొంచెం తవ్వమనేవాడు. పూటలో అయ్యే తలుపుకి రోజంతా పట్టేది. ఈలోగా ఇల్లు కట్టుకునేవాళ్ళు విసిగిపోయి, నరసరావుపేటలో కంప్యూటర్ మిషను మీద చెక్కించుకోవడానికి వెళ్ళిపోయేవారు. నాకు ఏడుపొచ్చేది. "కొంచెం త్వరగా చేద్దాం పెదనాన్నా, ఉన్నవాళ్ళు కూడా పోతున్నారు" అంటే, "పోతే పోనీ. వాళ్ళ తలుపు కోసం నీ వేలు ఇస్తావా?" అనేవాడు. ఆ మాటకి మరింత మండేది.

అన్నిటికంటే విసుగు కరెంటు పోయినప్పుడు వచ్చేది. మా వైపు ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పోగానే అందరం విసనకర్ర కోసమో, అట్టముక్క కోసమో వెతుక్కుంటాం. ఆయన మాత్రం చెమట తుడుచుకోకుండానే మిషను స్విచ్చి ఆపి, ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేవాడు. "ఎట్టాగూ ఆగింది గదా పెదనాన్నా, మళ్ళీ పీకుడెందుకు?" అని ఒకసారి దబాయించాను.

"ఆగింది వేరు, ఆపింది వేరే అమ్మాయ్. అదంతట అది ఆగితే అదంతట అదే లేస్తది. నువ్వు ఆపితే, నువ్వు లేపితేనే లేస్తది."

ఇంత తెలిసిన మనిషి మీదే నాకు రెండు కోపాలున్నాయి. చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. పోయే ముందటి చలికాలంలో మెట్లెక్కితే ఆయాసపడి ఛాతీ రుద్దుకుంటుంటే, నరసరావుపేటకి వెళ్ళి చూపించుకుందాం రమ్మని ఎన్నిసార్లు బతిమాలానో! "గ్యాసు నొప్పే, అదే ఆగిద్దిలే" అనేవాడు. చెక్క విషయంలో ఒప్పుకోని మాట ఒంటి విషయంలో ఎలా ఒప్పుకున్నాడు? అడగడానికి మనిషి లేడు.

రెండో కోపం అన్న విషయంలో. అన్న అంటే పెదనాన్న ఒక్కగానొక్క కొడుకు. వాణ్ణి షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. చిన్నప్పటినుంచీ కిటికీ ఊచల్లోంచి చూడటమే వాడి వంతు. చదివించి, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో చేర్పించాడు. బయటికి వెళ్తే షెడ్డుకి తాళం వేసుకుని వెళ్ళేవాడు. "అన్నకి కూడా కాస్త నేర్పొచ్చు గదా" అంటే, "వాడికెందుకే? వాడు ముట్టుకోడుగా" అన్నాడు. తాళం వేస్తే చాలనుకున్నాడు. ఎన్నాళ్ళు వేస్తాడు?

ఆయన పోయిన రోజుకి వస్తాను. మే నెల ఎండ. శవాన్ని ఉంచడానికి అద్దె ఐస్ బాక్సు తెప్పించారు. సాయంత్రమే సమాధి చేసేద్దామని పాస్టరు గారు చెప్పారు. పేట నుంచి తయారుగా ఉన్న శవపెట్టె తెప్పిద్దామని అన్న అన్నాడు. పెద్దమ్మ తల పైకెత్తింది. "ఊళ్ళో అందరికీ పెట్టెలు చేసిన మనిషిరా. ఆయన్ని కొన్న పెట్టెలో పెడతావా?"

షెడ్డులో ఎవరి తలుపు కోసమో కోసి ఉంచిన వేప పలకలున్నాయి. నాన్నా నేనూ కలిసి పెట్టె బిగించాం. మూత మీద సిలువ గాడి ఒక్కటే మిగిలింది. నాన్న స్నానానికి వెళ్ళాడు. నేను చున్నీ తీసి, ఆ పాత చొక్కా వేసుకుని, అద్దాలు పెట్టుకుని రౌటర్ పట్టుకున్నాను. బంధువుల్లో ఒకావిడ వినబడేట్టే అంది: "ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఆ వేషమేందమ్మా?" ఇంకొకాయన గుమ్మంలో నిలబడి, "మట్టిలో పెట్టేదానికి ఇంత చెక్కుడేంది? కానియ్యండి, ఎండ చూస్తన్నారు గదా" అన్నాడు. అన్న లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. "ఒక్కసారే లోతుగా దింపెయ్యవే, అయిపోద్ది. పాస్టరు గారు రెండుసార్లు ఫోన్ చేశారు." నేను తల ఎత్తలేదు. రవ్వంత, మళ్ళీ రవ్వంత. సిలువ నిలువు గీత అయింది. అడ్డగీత మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది.

ఐస్ బాక్సు మోటారు ఆగేసరికి ఇంట్లో గగ్గోలు మొదలైంది. నేను స్విచ్చి ఆపాను, ప్లగ్గు పీకాను, పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఎవరో జనరేటర్ అన్నారు, ఎవరో ఐసు గడ్డలన్నారు. పెద్దమ్మ చేత కాసిని నీళ్ళు తాగించి తిరిగొచ్చేసరికి షెడ్డులో అన్న ఉన్నాడు. మిషనుని బల్ల మీద తిరగేసి పెట్టాడు. కుడిచేతి వేళ్ళు బిట్టు చుట్టూ ఉన్నాయి. ఎడమ చేతిలో పానా. లావు బిట్టు వేసి ఒకే ఊపులో ముగించెయ్యాలని వాడి ఆలోచన. నేను పీకిన ప్లగ్గు మళ్ళీ గోడలో ఉంది.

అరిస్తే ఉలిక్కిపడతాడని అరవలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు లాగేశాను.

"కరెంటే లేదు గదే! నీకు కూడా ఆయన చాదస్తమే పట్టిందేంది?" అని కసురుకున్నాడు అన్న.

"స్విచ్చి వేశావా?"

"వచ్చిందేమోనని వేసి చూశా. రాలా. అయితే ఏంది?"

"మళ్ళీ ఆపావా?"

వాడు జవాబు చెప్పేలోపే నెత్తిమీద ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. గోడ అవతల ఐస్ బాక్సు గుర్రుమంది. వాడు మిషను వైపు చూశాడు. స్విచ్చి వేసే ఉంది. వేళ్ళు ఇంకా బిట్టు చుట్టూనే ఉన్నాయి.

పానా జారి కింద పడింది. వాడు పలకల మీద కూలబడి, పొద్దుటినుంచీ రాని ఏడుపు అప్పుడు ఏడ్చాడు. "నన్ను ఒక్కనాడు లోపలికి రానియ్యలేదే" అన్నాడు. అది తండ్రి కోసం ఏడుపో, చేతి కోసం ఏడుపో నాకు తెలియదు. నాకైతే ఏడుపు రాలేదు. పట్టలేనంత కోపమొచ్చింది. వాడి మీద, గుమ్మంలో తొందరపెట్టిన వాళ్ళ మీద, వాడికి తప్ప ఊరందరికీ జాగ్రత్తలు చెప్పి పక్కగదిలో పడుకున్న మనిషి మీద. ఆ కోపంలోనే స్విచ్చి ఆపాను. వాడు వదులు చేసిన పాత బిట్టునే మళ్ళీ బిగించాను. నా అద్దాలు తీసి వాడికిచ్చాను.

"లే అన్నా. అడ్డగీత నువ్వు తియ్యి."

"నా వల్ల కాదే."

"రెండు చేతులూ పిడుల మీద పెట్టు. నేను చెప్తా."

పాస్టరు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బయట మాటలు పెరిగాయి. నేను వాడికే చెబుతూ పోయాను. కొంచెం దించు, నడుపు, ఆపు, మళ్ళీ కొంచెం. గీత ఒకచోట రవ్వంత వంకర పోయింది. పోనిమ్మన్నాను. పెదనాన్న అయితే ఒప్పుకునేవాడు కాదు గానీ, కొడుకు చేతి వంకర కాబట్టి ఏమనేవాడో చెప్పలేను.

మీలో ఎవరింట్లోనైనా అలాంటి మిషను ఉంటే, దాన్ని నడిపేవాళ్ళకి ఒక్కళ్ళకే నేర్పి ఊరుకోకండి. నడపనివాళ్ళకీ నేర్పండి. ఇంతకంటే ఆయనకి నేను చేయగల నివాళి లేదు. నాకు ఉపయోగపడే ప్రతి మాటా ఆయన దగ్గర విసుక్కుంటూ నేర్చుకున్నదే. ఆ విసుగుకి ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను.

సమాధుల తోటకి చేరేసరికి పొద్దు వాలింది. ఆలస్యమైందని గొణుగుడు అక్కడా ఆగలేదు. పాట అయింది, ప్రార్థన అయింది, పెట్టెని తాళ్ళతో గుంటలోకి దించారు. మొదటి మట్టి కొడుకే వెయ్యాలన్నారు. అన్న వంగి గుప్పెడు మట్టి తీసుకుని, గుంట మీదికి చెయ్యి చాచి, వేళ్ళు విప్పాడు. అందరూ పెట్టె వైపు చూస్తున్నారు. నేను ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాను.