రేగాకు అడుగున పొడి

గాజువాక బస్సులో కిటికీ పక్క సీటు దొరికిన రోజు అద్దం కదలదు, అద్దం కదిలే రోజు సీటు దొరకదు. ఆ ఆదివారం నిలబడే ఆటోనగర్‌ చేరాను. మా అక్క మొగుడు ఫోన్‌ చేసి రమ్మన్నాడు మరి.

బావకి అక్కడ గేట్లూ గ్రిల్సూ చేసే షెడ్డు ఉంది. వెనక గోడ అవతలి ఇంట్లో రిటైరైన నర్సు ఉంటారు. షెడ్డు వైపు గోడ దగ్గర తనంతట తాను మొలిచిన రేగుకంప ఒకటి ఆవిడ బట్టల తీగను తాకుతూ ఉంటుంది. చర్చికి కట్టుకునే తెల్లచీర అంచుకి ఇటుకరంగు మరకలు పడడం ఇది మూడో వారం. అదంతా గ్రైండర్‌ పొడేనని ఆవిడ తేల్చేశారు. సోమవారం నుంచి గ్రైండర్‌ ఆపాలి, లేదంటే ఫిర్యాదు. గ్రైండర్‌ ఆగితే షెడ్డుకి తాళమే.

"ఆ పొడి నాదేనేమో బావా," అన్నాడు బావ, గొంతు తగ్గించి. మేమిద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం.

పోర్టుకీ స్టీల్‌ ప్లాంటుకీ మధ్య పెరిగినవాళ్లం. ఎర్రగా ఏది కనబడినా ఇనుమే అనుకుంటాం.

నేను బోటనీలో ఎమ్మెస్సీ చేసి ఇన్సూరెన్సు క్లెయిములు రాస్తుంటాను. రెంటికీ సంబంధం లేదని ఇంట్లో అంటారు, నేనెప్పుడూ ఖండించలేదు. రేగాకు ఒకటి తెంపాను. పైన కాసిని పసుపు మచ్చలు, అంతే. తిప్పి చూస్తే అడుగంతా ఇటుకరంగు పొడి పొక్కులు! గాల్లోంచి రాలే ఇనప రజను ఆకు కిందకి దూరి పొక్కులు కట్టదు కదా. గుండె కాస్త వేగం పెంచింది. ఆఫీసులో దానికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

"బావా, అయస్కాంతం పట్రా!"

నేల మీది రజను ఏరే అయస్కాంతం తెచ్చాడు. ఆకు పొడిని కాగితం మీద దులిపి, కింద అయస్కాంతం తిప్పాను. కదల్లేదు. గ్రైండర్‌ కింది పొడి చిటికెడు వేశాను. ముళ్లలా నిక్కింది. నేను గంతులేశానని బావ అంటాడు. మడమలు కొద్దిగా లేచిన మాట నిజమే.

"ఏటి బాబూ ఆ గెంతులు?" గోడ మీదుగా నర్సు గారు. చేతిలో చీర అంచు.

"ఇనుము కాదండీ ఆంటీ! తుప్పు తెగులు. బూజులాంటిది, ప్రాణమున్నది. రేగాకు లోపల కాపరం పెట్టి, మొక్కని చంపకుండా తింటాది. ఈ పొడి దాని విత్తనాల్లాంటిది!"

"అయితే నా గ్రైండర్‌ది కాదా?" బావ మొహం వెలిగిపోయింది.

నేను అక్కడితో ఆగాల్సింది.

"కాదు బావా! ఈ పొడి ఎగిరెళ్లి పక్కాకు మీద పడతాది. ఆ ఆకు తడిగా ఉందనుకో, మొలకెత్తి లోపలికి దూరిపోతాది. తడి కావాలంతే దీనికి!"

బావ నవ్వు సగంలో ఆగింది. నిజాయితీ గల మనిషి, అదొక్కటే ఇబ్బంది.

"మరి... ఆంటీ మొదట్లో మరకలని అన్నకాడ్నుంచీ, పొడి పోద్దని నాను రోజూ పైపు పెట్టి కంపంతా కడుగుతన్నాను కదా బావా."

ఆవిడ చీర అంచుని ఒకసారి చూసుకున్నారు. తర్వాత బావని చూశారు.

"అయితే గ్రైండర్‌ తప్పేం నేదు బాబూ. నీదే."