నోలా సమాధి మీద లారెల్ చెట్టు

డెల్ఫియా రాత్‌బోన్‌కు శుభ్రం పిచ్చి. అమెరికాలో ఆ కరొలైనా కొండల్లో ఏ ఇల్లాలికి లేదంటారా? ఉంది. కానీ ఈవిడది పక్కవాళ్ల గుమ్మం మీద దుమ్ము కూడా లెక్కపెట్టే రకం. నోటి దురుసూ అంతే. తొమ్మిది నెలల కూతురు నోలా కోరింతదగ్గుతో పోయాక ఆ రెండు గుణాలూ చర్చి వెనక గుట్ట మీద, పసిదాని సమాధి దగ్గర చేరాయి.

జూన్ మొదట్లో సమాధుల ఆదివారం వస్తుంది. అందరూ వచ్చి గడ్డి చెక్కి, మట్టి ఎగదోసి, పూలు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని భోంచేస్తారు. కొండ లారెల్ అనే అడవి చెట్టు పూసేదీ అప్పుడే. తన కూతురికి కోసిన పూలు కాదు, పూసే చెట్టే కావాలని డెల్ఫియా పట్టుబట్టింది. పైకొండ నుంచి మోకాలెత్తు మొక్కను వేరుమట్టితో సహా మోసుకొచ్చింది. దాని వేళ్లు పైపైనే పాకుతాయని లోతుగా పాతలేదు, మొదలు చుట్టూ పార ఆడించలేదు. నేల మీద ఎండిన పైన్ ఆకులు పరిచింది. వాడిన పూలను గింజ కట్టకముందే తుంచింది. ఎండల్లో వాగు నుంచి నీళ్లు మోసింది. చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చి, ఏటా వాటికి రెండు పూతలు సున్నం కొట్టేది. ఎంత తెల్లగా ఉన్నాయోనని ఎవరైనా అంటే చాలు, ఆ రోజు ఆమెకు కడుపు నిండేది.

మూడో ఏడు ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. నాలుగో ఏడు చెట్టు నిలువునా ఎండింది.

అనుమానించడానికి మనిషి దగ్గర్లోనే ఉంది. మొగుడు హోబర్ట్ అక్క, ఓర్లేనా. ఆవిడ మేకలు రెండు లారెల్ ఆకు తిని నురగలు కక్కి చచ్చాయి. పసిదాని మీద విషపు చెట్టేమిటని ఆవిడ సణగడం అందరూ విన్నదే. ఆ ఏటి సమాధుల ఆదివారం ఓర్లేనా ఏదో చెప్పబోతూ దగ్గరకు రాగానే, దుప్పట్ల మీద కూర్చున్న జనమంతా వినేలా డెల్ఫియా అనేసింది.

“వేళ్లలో ఉప్పునీళ్లు పోసి చంపావు కదూ, వదినా?”

ఓర్లేనా ముఖం కందిపోయింది. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని డెల్ఫియా ఇంకో నాలుగు అంటించింది. నోరు జారాక తీసుకోవడం ఎవరి తరం? పదకొండేళ్లు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఈలోపు డెల్ఫియా మళ్లీ నాటిన రెండో చెట్టూ చచ్చింది, మూడోది పసుపుబారింది.

హోబర్ట్ బంగాళాదుంపల మడి మన్ను చూడడానికి వ్యవసాయ ఆఫీసు మనిషి వచ్చినప్పుడు, డెల్ఫియా అతణ్ణి బతిమాలి గుట్ట మీదికి తీసుకెళ్లింది. అతను చెట్టు వైపు సరిగా చూడనైనా లేదు, రాళ్ల వైపు చూశాడు. ఇది ఆమ్లగుణమున్న పుల్లటి నేలలో బతికే చెట్టనీ, వానలకు సున్నం కరిగి వేళ్లలోకి దిగి ఆ పులుపును విరిచేస్తోందనీ, ఎవరో తెలియక చేసిన పనిలా ఉందనీ మెల్లగా చెప్పాడు. ఎవరో కాదు, తల్లే.

మర్నాడు పొద్దున్నే డెల్ఫియా వదిన ఇంటికి వెళ్లింది. ఓర్లేనా వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూర్చోమనలేదు. డెల్ఫియా నిలబడే అంతా చెప్పింది, సున్నం సంగతీ, తన పాపిష్టి నోటి సంగతీ.

“నాకు తెలుసు,” అంది ఓర్లేనా. “మా నాన్న పొగగొట్టానికి సున్నం కొట్టించినప్పుడు పక్కనున్న లారెల్ ఇలాగే పోయింది. ఆ ఆదివారం నీ దగ్గరికొచ్చింది ఆ ముక్క చెప్దామనే.”

డెల్ఫియా ఒక అడుగు ముందుకేసింది. “తర్వాతైనా చెప్పొచ్చుగా వదినా? నా బిడ్డ చెట్లు...”

“చెప్పొచ్చు. ఏటా నువ్వు సున్నం బకెట్టు పట్టుకుని గుట్టెక్కుతుంటే ఇక్కడ కూర్చుని చూసేదాన్ని. ఊరంతా నన్ను దొంగలా చూసిన ఇన్నేళ్లలో నాకున్న సుఖం అదొక్కటే.”

డెల్ఫియా మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఓర్లేనా చేతిలో కాయ కింద పడేసి, మళ్లీ తీసుకుంది.

“ఇంక వెళ్లు, డెల్ఫియా,” అంది. “నీ మీద జాలి పుట్టిందంటే, ఇన్నేళ్లూ నేను చేసింది నన్ను బతకనివ్వదు.”