నెలకు రెండుసార్లు బయట కూర్చున్న కోడలు

మా కాలంలో కోడలికి నెల తప్పిందో లేదో కోడలికంటే ముందు అత్తకు తెలిసిపోయేది. ముట్టయిన మూడు రోజులూ వెనక వసారాలో వేరే చాప, వేరే చెంబు. మొగుడు కూడా ముట్టుకోకూడదు. నాలుగో రోజు తలకు పోసుకుంటేనే పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పులో రక్తం బాగా పోయి ఇంట్లోవాళ్లు ఏడుపు కూడా మొదలుపెట్టారట (మధ్యలో నేను చాయ్ అడిగి ఆ ఏడుపు చెడగొట్టానంటుంది మా అమ్మ). మళ్లీ జల్దీ కడుపైతే ప్రాణం మీదికొస్తుందని నారాయణఖేడ్ దవాఖానలో నర్సమ్మ గట్టిగానే చెప్పింది. మా అత్తకు మాత్రం మనవడు కావాలి. కడుపు రాకుండా వేసే లూప్ మాటెత్తితే ఇల్లు పీకి పందిరేసింది.

తలకు పోసుకున్న నాలుగైదు రోజులే కడుపవుతుందని భయం, తర్వాత ఏమీ కాదని మా వాడకంతా నమ్మకం. మా రెండో బిడ్డ ఆ లెక్కలోంచే పుట్టింది. ఆ మాట చెబితే నర్సమ్మ తల కొట్టుకుంది. "ఉల్టా చేస్తున్నవు పిల్లా. ముట్టుకు ముట్టుకు నడుమనే కడుపైతది. ముట్టయిన ఎనిమిదో దినం కెల్లి ఇరవై దాకా దూరముండు. గదైనా పక్కా కాదు, లెక్క తప్పుతది" అంది.

అయిదో తరగతిలోనే బడికి దండం పెట్టినా ఇరవై దాకా లెక్క నాకొచ్చు. మా ఆయనకు చెబితే సాయంత్రానికల్లా వాళ్లమ్మకు చేరుతుంది. అందుకని ఎనిమిదో రోజున బుద్ధిగా మళ్లీ చాప పరుచుకున్నాను. ముట్టు మళ్లీ కనబడింది, ఆగడం లేదని అత్తకు చెప్పాను. అత్త కొట్టిన వేడివేడి జొన్నరొట్టెలు కూర్చున్నచోటికే వచ్చేవి (నిజం చెప్పాలంటే, ఒళ్లు కూడా చేశాను). మూడో నెలలో అత్త మోచేతుల దాకా పిండితో వచ్చి నిలబడింది.

"ఏమే, ముట్టా, నాటకమా?"

"నాటకమే అత్తా. ఇంకో కాన్పుకు నా పాణం ఆగదు. గీడనే ముసలిదాన్నయిత గానీ లోపలికి రాను."

అత్త రొట్టెల పెనానికి కాలిన తన వేళ్లు చూసుకుంది.

"నెలల పదిహేను దినాలు నేను రొట్టెలు కొట్టలేను. పోయి గా లూపేందో ఏపిచ్చుకో. నేను పొమ్మన్ననని మాత్రం ఎవ్వలకు చెప్పకు."

మర్నాడే దవాఖానకు పోయాను. ఇరవై మూడేళ్ల ఆ పిల్ల మొండితనం వల్లే ఇవాళ ఇది రాయడానికి మిగిలాను. ఇప్పుడు ఈ వయసులో ఎవరితోనైనా అంత గట్టిగా మాట్లాడాలంటే ముందు కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటున్నాను.