కంభం చెరువులో నీటికుక్క

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా ఆదివారం కంభం బస్సెక్కిన ప్రతిసారీ గుండెమీద బరువుగా కూర్చుంటుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను మార్కాపురంలో సైన్సు టీచర్ని. షమీమ్ మా వీధిలోనే జాకెట్లు కుడుతుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. వానలు వెనకబట్టి చెరువు నిండాక, వలసవచ్చే బాతుల్ని చూడటానికి నేను వెళ్తుంటే ఒకసారి ఊరికే తోడు వచ్చింది. ఇక మానలేదు. పేర్లు నేను పుస్తకం చూసి చెప్పేదాన్ని. కళ్ళు మాత్రం ఆమెవి. జమ్ములో కదలకుండా నిలబడ్డ కొంగను కూడా పట్టేసేది. పట్టగానే నా మోచెయ్యి గిల్లేది. ఆ గిల్లుడు నాకెంత ఇష్టమో ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

తొమ్మిదేళ్ళ కిందట కార్తీకంలో పెద్ద కెమెరాలతో పైఊరివాళ్ళు ఐదారుగురు వచ్చారు. చెరువు సంగతి నాకు బాగా తెలుసని ఎవరో చెప్పారట. "మేడమ్, మేడమ్" అంటూ పొద్దుటినుంచీ నా వెనకే తిరిగారు. నేను పొంగిపోయాను. అప్పుడు, అవతల జమ్ము అంచున, నీళ్ళలోంచి ఒక గుండ్రటి తల లేచింది. మీసాలు. నోట్లో చేప. ఒక్క క్షణం మావైపు చూసి, లావుపాటి తోక తిప్పి మునిగిపోయింది.

"అక్కా, నీటికుక్క! పుస్తకంలో చూపించినావే, అదే!" అని షమీమ్ అరిచింది.

కెమెరాలు అటు తిరిగేసరికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. వాళ్ళలో ఒకాయన నవ్వాడు. "నీటికుక్క కాదమ్మా, ఏ ఊరకుక్కో ఈతకొచ్చి ఉంటుంది." అందరూ నవ్వారు.

షమీమ్ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా. అటే కదా చూస్తా ఉండావు."

"నాకేం కనపడలేదు షమీమ్."

"అట్లనా... అయితే నా కండ్లే మోసం చేసినాయేమోలే."

ఎందుకు అలా అన్నాను? నన్ను చూసీ నవ్వుతారని భయపడ్డానా? చాలాకాలం అదే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. పుస్తకాలు చదివి, బైనాక్యులర్స్ కొని, ఇన్నేళ్ళు ఆ గట్టున తిరిగిన నాకంటే ముందు, అందరి ఎదుటా, ఆమె చూసిందన్న కడుపుమంట మిగతా సగం. అంత ఇష్టమైన మనిషిమీద అంత చిన్నబుద్ధి ఎలా పుట్టింది?

ఆమెకు కోపం రాలేదు. తిరుగు బస్సులో తన డబ్బాలోని చిత్రాన్నం ఎప్పటిలాగే సగం నాకు పెట్టింది. కానీ ఆ రోజునుంచి గిల్లడం మానేసింది. ఏదన్నా కనబడితే ముందు నా ముఖం చూస్తుంది. "అక్కా, నీక్కూడా కనపడతా ఉందా?" నేను అవునంటేనే నమ్ముతుంది. మొన్న ఆదివారం చెరువంతా బాతులు వాలి ఉంటే, అప్పుడూ అడిగింది.

నిజం చెబితే ఇక నాతో రాదేమో. ఆమె పక్కన లేకుండా ఆ గట్టుమీద నడవడం నాకు చేతకాదు. ఇదీ స్వార్థమేనని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఒక్క మాట మాత్రం ఇన్నేళ్ళకు నా చేత్తో రాయగలిగాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ రోజు షమీమ్ చూసింది నీటికుక్కనే. ఆమె పక్కనే నిలబడి నేనూ చూశాను.