రెండో రిఫరీ

పెనాయా నోరు గురించి మా దీవిలో తెలియనివాళ్లు లేరు. నవుకేలే ఊళ్లో చేమదుంపలు పండించుకుని, కొబ్బరి ఎండబెట్టుకుని బతికే మనిషి. ఆరు రోజులు సౌమ్యంగానే ఉంటాడు, పంది పిల్లని కూడా గట్టిగా కసరడు. శనివారం మధ్యాహ్నం రగ్బీ మొదలైందా, అయిపోయింది! మైదానం మూల జెండా పక్కన కొబ్బరి మొద్దు మీద కూర్చుని, మొదటి విజిల్ నుంచి ఆఖరి విజిల్ దాకా రిఫరీకి పాఠం చెబుతూనే ఉంటాడు. "అది ఫార్వర్డ్ పాసయ్యా! బంతి ముందుకెళ్లింది, నీ కళ్లు వెనక్కెళ్లాయా?" అని ఇక్కడ అరిస్తే సముద్రం మీద పడవలోవాళ్లకి వినపడాల్సిందే. అందుకే అతన్ని రెండో రిఫరీ అంటారు. ఆ మొద్దు మీద ఇంకెవరూ కూర్చోరు, కూర్చున్నా అతను రాగానే లేస్తారు.

ఆ మూలే ఎందుకంటే దానికో కథ ఉంది. పాతికేళ్ల కిందట పెనాయా ఊరి జట్టులో అంచున పరిగెత్తే కుర్రాడు. కప్పు కోసం ఆఖరి ఆట, అవతల వైసారా ఊరు. ఆట ముగిసే వేళకి పెనాయా బంతి చంకన పెట్టుకుని, ముగ్గుర్ని తప్పించుకుని, ఆ మూలకే గాల్లోకి దూకాడు. బంతిని గీత అవతల నేలకి నొక్కాడు. ట్రై! ఐదు పాయింట్లు, కప్పు మనదే అని ఊరంతా లేచింది. కానీ దూకేటప్పుడు అతని భుజం తగిలి మూల జెండా ఊడి పడింది. ఆ రోజుల్లో రూలు అలా ఉండేది: బంతి పట్టుకున్నవాడు జెండా కర్రని తాకితే మైదానం దాటిపోయినట్టే. రిఫరీ విజిల్ ఊది, ట్రై కాదన్నాడు.

ఆ రిఫరీ ఎవరనుకున్నారు? పెనాయాకి సొంత చిన్నాన్న, ఇలైతియా.

"నువ్వసలు మా రక్తమేనా?" అని పెనాయా అందరి ముందూ అరిచాడు. పంతొమ్మిదేళ్ల పొగరు. వారం తిరక్కుండా ఇలైతియా పెళ్లాన్నీ చంటిపిల్లనీ తీసుకుని పెద్ద పట్నం సువాకి పడవ ఎక్కేశాడు. మళ్లీ ఊళ్లో కాలు పెట్టలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి రూలు మారింది, ఇప్పుడు జెండా తగిలినా ఏం కాదు అని రేడియోలో చెప్పారు. "చూశారా! నేను మొత్తుకోలేదూ?" అని పెనాయా ఊరంతా తిరిగి చాటాడు. రాత్రి మాత్రం అన్నం ముట్టకుండా లేచిపోయాడని పెళ్లాం మిలికా ఇప్పటికీ చెబుతుంది. మూడేళ్ల కిందట చిన్నాన్న పోతే, మా పద్ధతిలో చావింటికి ఇచ్చే చాపలు పట్టుకుని సువా వెళ్లి, వాకిట్లో చివర కూర్చుని, తల ఎత్తకుండా తిరిగొచ్చాడు.

సరే, ఈ ఏడు సంగతికి వద్దాం. పాతికేళ్ల తర్వాత మళ్లీ నవుకేలే, వైసారా కప్పు ఆటకి చేరాయి. ఆట రోజు పొద్దున్నే ఊరిపెద్ద తోమాసి చేతికర్ర పొడుచుకుంటూ పెనాయా ఇంటికొచ్చాడు. ముసలాయన మొహం నిండా నవ్వు.

"ఏరా రెండో రిఫరీ, ఇవాళ మొదటి రిఫరీ ఎవరో తెలుసా? సువా నుంచి పంపారు. పడవ దిగింది. మీ ఇలైతియా కూతురు, వసితి!"

పెనాయా చేతిలో చేమదుంప జారి పడింది.

చిన్నాన్న కూతురంటే చెల్లెలే కదా. మాలో అన్నాచెల్లెళ్లు ఎదిగాక మొహామొహీ మాట్లాడుకోరు. ఒకరి పేరు ఒకరు గట్టిగా అనరు, ఒకరి వైపు ఒకరు వేలు చూపరు. అదే మర్యాద, అదే ప్రేమ. చెల్లెలి మీద అరిచినవాణ్ణి ఊళ్లో ఎవడూ మనిషిగా చూడడు.

"అంటే ఇవాళ నేను..."

"అవును. నోరు మూసుకోవాలి" అన్నాడు తోమాసి, పగలబడి నవ్వుతూ. "నువ్వు సగం ఆట దాకా ఆగుతావని నేనన్నాను. మా ఆవిడ పది నిమిషాలు కూడా ఆగవంటోంది."

ముసలాయన వెళ్లాక మిలికా మొగుడి పక్కన కూర్చుంది. ఆమె నవ్వలేదు. "చూడు. ఈ దీవిలో కప్పు ఆటకి ఆడపిల్ల విజిల్ పట్టడం ఇదే మొదలు. సొంత అన్నే తప్పుపట్టాడంటే ఆ పిల్లని మళ్లీ ఎవడు పిలుస్తాడు? చిన్నాన్న విషయంలో ఒకసారి నోరు జారావు. ఈసారి జారితే ఆ ఇంటితో మనకి మిగిలిన దారం కూడా తెగిపోతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు."

"నేనేం చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు పెనాయా.

మధ్యాహ్నం మొద్దు దగ్గరికెళ్తే అక్కడ అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి, పూల చొక్కా, చేతిలో ఉడికించిన కర్రపెండలం ముక్క. వసితి మొగుడు ఎరోని. అంటే బావ! మాలో చెల్లెలితో ఎంత మౌనమో, బావతో అంత వాగుడు. ఎంత తిట్టినా తప్పు లేదు, తిట్టకపోతేనే తప్పు.

"రా బావా, కూర్చో. నీ నోటికి తాళం వేశారటగా? తాళంచెవి నా దగ్గరుంది" అన్నాడు ఎరోని.

పెనాయా మొహం వెలిగిపోయింది. దేవుడు ఒక తలుపు మూస్తే బావ రూపంలో కిటికీ పెట్టాడు.

ఆట మొదలైంది. పొట్టిగా, గట్టిగా ఉన్న వసితి మైదానం మధ్యలో పరిగెడుతుంటే పెనాయా ఆమె వైపు చూడకుండా ఆట చూడ్డానికి నానా తంటాలు పడ్డాడు. ఐదో నిమిషంలోనే వైసారా వాడొకడు లైను దాటి ముందే నిలబడి బంతి అందుకున్నాడు. విజిల్ లేదు. పెనాయా నోరు తెరిచి, గుటక మింగి, పక్కకి తిరిగాడు.

"ఒరేయ్ బావా! కళ్లున్నాయా నీకు? ఆ ఎనిమిదో నంబరువాడు ఆఫ్‌సైడ్‌లో కాపురం పెడితే కనపడట్లా?"

"నాకెందుకు కనపడాలి? విజిల్ నా దగ్గరుందా?"

"ఉందనుకో!"

"మా ఇంట్లో కూడా విజిల్ నాది కాదు బావా. నాకు కంచం కడిగే ఉద్యోగమే."

చుట్టూ జనం గొల్లుమన్నారు. అక్కణ్ణుంచి ఇక అదే వరస. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆమె ప్రతి నిర్ణయానికీ ఎరోని తిట్లు తిన్నాడు. తలలు ఆనించి తోసుకునే స్క్రమ్ తిప్పారని, బంతి వదల్లేదని, ఫార్వర్డ్ పాసని, ఎరోనిని గుడ్డివాడన్నాడు, తొండివాడన్నాడు, లంచంగా వైసారా వాళ్ల పంది తిన్నావన్నాడు. ఎరోని కర్రపెండలం నములుతూ, "మొత్తం రాసుకున్నాను, ఇంటికెళ్లి విన్నవించుకుంటా" అంటున్నాడు. అవతలి పక్క నుంచి వైసారా వాళ్లు, "ఆడలేక మద్దెల ఓడన్నాడట! మీ దుంపల వ్యాపారం చూసుకోండ్రా!" అని కేకలు. ఆట ఆఖరికొచ్చినా పెనాయా ఒక్కసారీ గీత దాటలేదు, చెల్లెల్ని ఒక్క మాటా అనలేదు. తోమాసి పందెం గెలిచి మురిసిపోతున్నాడు.

ఆట ముగియబోతోంది. నవుకేలే పదిహేడు, వైసారా పద్నాలుగు. ఊరి ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పాతికేళ్లకి కప్పు ఇంటికొస్తోంది!

అప్పుడు వైసారా కుర్రాడు కోరోయి అంచున బంతి అందుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, రివ్వున వచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు. ఇంకొకణ్ణి తోశాడు. మనవాళ్లలో మూడోవాడు నడుం పట్టుకోబోతుంటే, సరిగ్గా పెనాయా కూర్చున్న మూలకి గాల్లోకి దూకాడు. కాళ్లు మైదానం బయట గాల్లోనే ఉన్నాయి. భుజం తగిలి జెండా కర్ర ఊడి పెనాయా కాళ్ల దగ్గర పడింది. బంతి గీత అవతల, లోపలే, నేలకి ఒత్తుకుంది.

వసితి విజిల్ ఊది చెయ్యి పైకెత్తింది. ట్రై.

నవుకేలే మొత్తం, "జెండా! జెండా పడింది!" అని లేచింది. కుర్రాళ్లు గీత దాటి లోపలికొచ్చేశారు. "పాతికేళ్ల కిందట జెండా పడిందని వాళ్ల నాన్న మనకి ట్రై లేదన్నాడు. ఇవాళ జెండా పడినా కూతురు వాళ్లకి ట్రై ఇస్తుందా? ఇదెక్కడి న్యాయం?" అని ఎవడో అరిచాడు. రూలు మారిన సంగతి ఆ వయసువాళ్లకి తెలుసో లేదో, తెలిసినా ఆ కోపంలో ఎవరికి కావాలి! వసితి చుట్టూ జనం మూగారు. ఆమె కదలకుండా నిలబడింది. మొద్దు వైపు మాత్రం చూడలేదు.

తోమాసి కర్ర పైకెత్తాడు. "ఆగండ్రా! పెనాయా అక్కడే ఉన్నాడు. రెండో రిఫరీని అడుగుదాం. వాడేమంటే అది."

అందరూ తిరిగారు. పెనాయా కాళ్ల దగ్గరున్న జెండా వంక చూశాడు. ఒక్క మాట చాలు. బంతి కర్రకి ఒరుసుకుందనో, కాలు నేలకి తగిలిందనో అంటే చాలు, ఊరంతా నమ్ముతుంది. కప్పు వస్తుంది. ఆ పిల్ల చిన్నాన్నలాగే తల వంచుకుని పడవెక్కుతుంది.

వంగి జెండా తీసి, గుంటలో పాతి నిలబెట్టాడు.

"ట్రైయే" అన్నాడు.

"జెండా పడింది కదా మావా!"

"పడితే? ఇన్నేళ్లూ నేను గొంతు చించుకున్నది దేని గురించిరా? కర్ర ఆట ఆడదు. బంతి ఎక్కడ పడిందో చూడాలి. లోపల పడింది. కాళ్లు గాల్లో ఉన్నాయి. నా ముక్కు ముందు జరిగింది." అతను కోరోయి వైపు చెయ్యి చూపించాడు. "నాకు కాలేదని వాడికి కూడా కాకూడదా? మంచి ట్రై. చాలా మంచి ట్రై. బయటికి నడవండి, ఆవిణ్ణి ఆట ముగించనివ్వండి."

కుర్రాళ్లు గొణుక్కుంటూ వెనక్కి నడిచారు. పంతొమ్మిది, పదిహేడు. ఆఖరి విజిల్. కప్పు వైసారాది.

తోమాసి వచ్చి మొద్దు మీద కూలబడ్డాడు. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి రిఫరీ పక్షాన మాట్లాడావు. అదీ ఇవాళే మాట్లాడాలట్రా నీకు?" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ముసలాయన రెండూ చేశాడు.

పొద్దు వాలే వేళకి రెండూళ్లవాళ్లూ ఊరి సావడిలో చేరారు. ఓడినా గెలిచినా యంగోనా తాగాల్సిందే కదా. కొయ్య గిన్నెలో వేరు పొడి కలిపి, కొబ్బరి చిప్పతో అందిస్తున్నారు. కోపాలు రెండు చిప్పలకి కరిగాయి. వసితి వెనక వాకిలి దగ్గర ఆడవాళ్లతో కూర్చుంది. పెనాయా ఆమెకి వీపు పెట్టి, బావ పక్కన కూర్చున్నాడు.

"బావా" అన్నాడు, సావడంతా వినపడేలా. "తెలియక అడుగుతాను. ఐదో నిమిషంలో ఆ ఎనిమిదో నంబరువాడు ఆఫ్‌సైడ్ అవునా కాదా?"

ఎరోని బద్ధకంగా లేచి వాకిలి దాకా వెళ్లి, చెవి ఒగ్గి విని వచ్చాడు. "అవునట. తనకి కనపడలేదట. నువ్వు నన్ను తిడితే తెలిసిందట."

సావడి దద్దరిల్లింది. పెనాయా తొడ చరిచాడు. బతుకులో మొదటిసారి ఒక రిఫరీ అతని మాట ఒప్పుకుంది మరి!

ఎరోని మాత్రం కూర్చోలేదు. ఈసారి గొంతు తగ్గించాడు. "ఇంకో మాట చెప్పమంది. మా మావగారు ఎప్పుడూ ఇంట్లో అనేవాడట. ఆ రోజు నువ్వు దూకినప్పుడు ఆయన చప్పట్లు కొట్టడానికి చేతులెత్తేశాడట. అంతలో జెండా పడింది. ఎత్తిన చేత్తోనే విజిల్ నోట్లో పెట్టుకున్నానే, ఆ చప్పట్లు అలాగే ఉండిపోయాయే అని, పోయేదాకా అనేవాడట."

అప్పుడే చిప్ప పెనాయా దగ్గరికొచ్చింది. రెండు చేతులా అందుకుని, ఒక్క గుక్కలో తాగాడు. ఎవరు తాగినా అందరూ మూడుసార్లు చప్పట్లు కొట్టడం మా పద్ధతి. కొట్టారు. అందరివీ ఆగిపోయాక, వెనక వాకిలి దగ్గర్నుంచి ఒక్కరి చప్పట్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. పెనాయా వెనక్కి తిరగలేదు.

"ఏం బావా, ఏడుస్తున్నావా?" అన్నాడు ఎరోని.

"యంగోనా ఘాటురా, గుడ్డివాడా" అన్నాడు పెనాయా. "ఇంకో చిప్ప పొయ్యమను."